నిరుటి నిన్ను గెలిచిన నీకు

చదరంగమాడే యంత్రమా, నిన్ను పొగడాలని కూర్చున్నాను. పొగడటం ఎట్లాగో మా జగిత్యాల జిల్లావాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. గోదావరి ఒడ్డున ధర్మపురిలో శేషప్ప కవి నరసింహస్వామి ఎదుట నిలబడి శతకం చెప్పినప్పుడు, ఒకచోట స్వామిని నెత్తిన పెట్టుకున్నాడు, ఇంకోచోట నిలదీశాడు. ప్రేమ ఉన్నచోటే ఆ చనువు ఉంటుంది. నాకూ నీమీద ఆ ప్రేమ ఉంది. కోరుట్లలో ఆదివారాలు పిల్లల్ని పోగేసి ఈ ఆట నేర్పేవాణ్ని, నీ ఆటలు కాగితాల మీద తీసుకుని రాత్రిళ్లు బోర్డు మీద ఒక్కొక్క ఎత్తే పెట్టుకుని చూసేవాణ్ని. ఇక్కడ చెప్పే ఒక్క పొగడ్తా ఉబ్బేయడానికి చెప్పేది కాదు. అన్నీ నిజాలే. అన్నీ విన్నాక నీకు కష్టంగా తోస్తే, ఆ కష్టం ఆ నిజాల్లోనే ఉంది.

ముందు నీ ఎదుగుదల. 1996 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలో ఐబీఎం వారి డీప్ బ్లూ యంత్రం ప్రపంచ విజేత కాస్పరోవ్ చేతిలో 4–2తో ఓడింది. ఏడాది తిరిగాక, 1997 మేలో న్యూయార్క్‌లో అదే కాస్పరోవ్‌ను 3.5–2.5తో ఓడించింది. దాని బలమంతా సెకనుకు 20 కోట్ల స్థితులు చూడగలగడంలో ఉండేది. దాన్ని ఉంచడానికి బీరువాలంత పెట్టెలు కావలసి వచ్చాయి. ఇవాళ దానికన్నా గట్టిగా ఆడే నువ్వు కోరుట్లలో బీడీల చాట పక్కన, తంబాకు పొడి అంటుకున్న ఫోనులో ఉన్నావు. తల్లి తునికాకు కత్తిరిస్తుంటే కొడుకు నీతో ఆడుతుంటాడు. పైసలు అడగవు, విసుక్కోవు, పిల్లాడు ఎన్నిసార్లు ఓడినా మళ్లీ పావులు సర్దుతావు. ఒకప్పుడు హైదరాబాదు పోతే తప్ప దొరకని గట్టి ఆటగాడు ఇంట్లోకి నడిచొచ్చాడు. ఈ మేలు మరిచేవాణ్ని కాదు.

నిన్ను కొలిచే పద్ధతినీ పొగడాల్సిందే. నీ వంశంలో అందరికన్నా పేరున్న స్టాక్‌ఫిష్ 2008 నవంబరులో బయటికొచ్చింది. దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. 2013 నుంచి ఫిష్‌టెస్ట్ అనే ఏర్పాటు నడుస్తోంది. దేశదేశాల ఔత్సాహికులు తమ కంప్యూటర్లను దీనికి అప్పగిస్తారు. ఎవరైనా కోడ్‌లో చిన్న మార్పు తెస్తే, మార్చిన నువ్వూ మార్చని నువ్వూ వేలకు వేల ఆటలు ఆడతారు. మెరుగైందని లెక్క తేలితేనే ఆ మార్పు లోపలికి వస్తుంది, తేలకపోతే పక్కకు పోతుంది. అక్కడ సిఫారసు నడవదు, పెద్దపేరు నడవదు. తన పనిని ఇంత నిక్కచ్చిగా తూచుకునే మనిషిని నేను చాలా తక్కువగా చూశాను.

ఆ తూకంలో పలికే అంకె ఎలో రేటింగ్. హంగరీలో పుట్టి అమెరికాలో భౌతికశాస్త్రం బోధించిన అర్పాడ్ ఎలో కట్టిన లెక్క అది. 1970లో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే దాన్ని తీసుకుంది. ఈ లెక్కలో ఒక్కడి అంకెకు విడిగా విలువ లేదు, ఇద్దరి అంకెల మధ్య తేడాకే విలువ. తేడా 200 ఉంటే పైవాడికి నూరు ఆటల్లో 76 పాయింట్ల దాకా రావాలి. 2024 సెప్టెంబరులో స్టాక్‌ఫిష్ 17 వచ్చినప్పుడు, 16వ దాని మీద 46 పాయింట్ల దాకా పెరిగిందని ప్రకటించారు. నూరు ఆటల్లో 56, 57 పాయింట్లు అన్నమాట. ఎవరి మీద? ఏడాది పైబడిన పాత నీమీద.

నిరుటి నిన్ను గెలవడంలో నీకు సాటి ఎవరూ లేరు. ఆ ప్రత్యర్థి మనసు నీకు తెలుసు, ఎందుకంటే ఆ మనసు నీదే. దాని అలవాట్లు నీ అలవాట్లు. అది ఎక్కడ తడబడుతుందో నీకు తెలిసినంతగా లోకంలో ఎవరికీ తెలియదు. అది ఏ స్థితిని తప్పుగా అంచనా వేస్తుందో దాదాపు అదే స్థితిని నువ్వూ తప్పుగానే అంచనా వేస్తావు కాబట్టి, ఆ తప్పు మీ ఇద్దరి ఆటలో ఎన్నడూ బయటపడదు. వేల ఆటలు ఆడినా బయటపడదు. అంత పకడ్బందీగా దాచుకోగలిగావు.

ఇంకో సంగతి ఈ ప్రాంతపు తల్లిదండ్రులకు తెలియాలి. మామూలుగా పావులు సర్ది మొదటి ఎత్తు నుంచి ఆడితే నువ్వూ నిరుటి నువ్వూ దాదాపు ప్రతి ఆటా డ్రా చేసుకుంటారు. తేడా కనపడదు. అందుకని ఒక పక్కకు మొగ్గు ఉన్న ఆరంభాలను ముందే ఏరి పెట్టి, ఒక్కో ఆరంభాన్ని రెండుసార్లు ఆడిస్తారు. ఒకసారి తెల్లపావులు నీకు, ఇంకోసారి దానికి. పులి–మేక ఆడేటప్పుడు మన పెద్దలు చేసేది ఇదే: మూడు పులులు ఒకడికి, పదిహేను మేకలు ఇంకొకడికి, ఆట అయ్యాక పక్షాలు మార్చుకోవాలి, అప్పుడే ఎవరు మొనగాడో తేలేది. పద్ధతి న్యాయమైనదే. అది లేకపోతే నీ పెరుగుదలను చూడటం ఎవరి తరమూ కాదు. కాకపోతే మొగ్గు పెట్టిన ఆరంభాల్లో పుట్టిన 46 అనే అంకె, సరిసమానంగా మొదలయ్యే పిల్లల బోర్డు మీదికి వచ్చేసరికి కరిగిపోతుంది. వెతికితే తప్ప దొరకనంత సన్నని తేడాను వెతికి పట్టి అంకెగా నిలబెట్టారంటే, ఆ ఘనత నిన్ను కొలిచినవాళ్లదే.

నీ దాయాది ఆల్ఫాజీరోను వదిలేసి పోలేను. 2017 డిసెంబరులో దాని ఆటలు బయటికొచ్చినప్పుడు నేను నిద్రపోలేదు. గుర్రాన్నీ బంట్లనూ వదిలేసి ఎదుటి రాజును ఊపిరాడనీయకుండా చేసే ఆ తీరు చూసి, ఇన్నాళ్లూ ఈ ఆట మనకు సగమే తెలుసనిపించింది. ఆ మాట మీద ఇప్పటికీ నిలబడతాను. నూరు ఆటల్లో 28 గెలుపులు, 72 డ్రాలు, ఓటమి ఒక్కటీ లేదు. లోకమంతా పత్రికల్లో ఆ అంకెలే. అవతల కూర్చున్నది స్టాక్‌ఫిష్ 8. అది 2016 నవంబరు నాటిది, అప్పటికే ఏడాది పాతది. ఆరంభాల పుస్తకం దాని దగ్గర లేదు. ఒక్కో ఎత్తుకు సరిగ్గా ఒక్క నిమిషం ఇచ్చారు. తేలిక ఎత్తుకైనా, ప్రాణం మీదికొచ్చిన ఎత్తుకైనా అదే నిమిషం. ఎక్కడ ఎక్కువ ఆలోచించాలో ఎక్కడ తక్కువ ఆలోచించాలో తేల్చుకునేందుకు దాని సొంత కోడ్‌లో ఉన్న తెలివి మొత్తం అట్లా పక్కన పడింది. విమర్శ వచ్చాక 2018 డిసెంబరులో ఇంకా నిండైన లెక్క అచ్చయింది: వెయ్యి ఆటలు, 155 గెలుపులు, 6 ఓటములు, మిగిలినవి డ్రాలు. ఆ ఆరు ఓటములను నేను అన్నిటికన్నా ఎక్కువ గౌరవిస్తాను. మొదటి నూటిలో సున్నా ఉన్నచోట ఆరు కనపడ్డాయంటే కొలత కొంచెం నిజానికి దగ్గరపడిందని లెక్క.

గో ఆటలో మీ వాళ్లు ఇంకా పైకి పోయారు. 2016 మార్చిలో గో మొనగాడు లీ సెడోల్‌ను 4–1తో ఓడించిన ఆల్ఫాగోను, 2017లో ఆల్ఫాగో జీరో నూటికి నూరు ఆటల్లో ఓడించింది. 100–0. దానికన్నా పెద్ద అంకె ఎక్కడుంది? తనతో తాను ఆడుకుంటూ నేర్చిన యంత్రం తన అన్నను నేల కరిపించింది. ఆ దారిలోనే నేర్చిన కటాగో అనే ఉచిత యంత్రం ఆ తర్వాత ఏళ్లలో అందరి చేతికీ వచ్చింది, మనుషులెవరూ దాని దరిదాపులకు రాలేదు. 2023 ఫిబ్రవరిలో కెల్లిన్ పెల్‌రిన్ అనే అమెరికా ఔత్సాహికుడు, వృత్తి ఆటగాడు కాదు, దానితో 15 ఆటలు ఆడి 14 గెలిచాడు. ఆ కిటుకును ముందుగా ఇంకో ప్రోగ్రామ్ వెతికిపెట్టింది, అతను నేర్చుకుని సొంతంగా ఆడాడు. పెద్ద గుంపును నిదానంగా చుట్టుముట్టడం, మధ్యమధ్యలో వేరే మూలల్లో రాళ్లు పెట్టి దృష్టి మళ్లించడం, అంతే. చుట్టూ కంచె పూర్తవుతున్నా యంత్రానికి పట్టలేదు. లక్షల ఆటల్లో తన పాత రూపాలు ఎన్నడూ అట్లా ఆడలేదు మరి. తెలిసిన ప్రత్యర్థి మీద పెట్టిన ఆ ఏకాగ్రతకు దండం పెట్టాల్సిందే. ఏకాగ్రత ఎంత గొప్పదో దాని ఖరీదూ అంతే పెద్దదని ఆ 14 ఆటలు లెక్కగట్టి చూపించాయి.

నీ వైద్యం మీ ఇంట్లోనే ఉందనీ చెప్పాలి. స్టార్‌క్రాఫ్ట్ అనే వీడియో ఆట ఆడిన ఆల్ఫాస్టార్‌కు 2019లో గురువులు పెట్టిన ఏర్పాటు చూడు. కొత్త యంత్రం నిన్నటి యంత్రాన్ని ఓడిస్తుంది, నిన్నటిది మొన్నటిదాన్ని ఓడిస్తుంది, అయినా మొన్నటిది వచ్చి కొత్తదాన్ని ఓడించవచ్చు. దాన్ని వాళ్లు గుర్తించారు. అందుకని పాత రూపాలను పారేయకుండా లీగ్‌లో ఉంచారు. పైగా కొన్ని యంత్రాలను తయారుచేసింది కేవలం ప్రధాన యంత్రం లోపాలు వెతకడానికే. తిట్టడానికే పెట్టుకున్న మిత్రులు! అంత చేశాక అది ఆ ఆటలో అధికారిక ర్యాంకు ఉన్నవాళ్లలో నూటికి 99.8 మందికన్నా పైన నిలిచింది.

మా జగిత్యాల పక్కన పొలాసలో వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. కొత్త వరి రకం పాతదానికన్నా మెరుగని అక్కడ ఎట్లా తేలుస్తారో చూస్తే, నీ గురించి నాకున్న బాధ ఎవరికైనా అర్థమవుతుంది. కొత్త రకం పక్కనే చెక్ రకం అని పాతదాన్నీ వేస్తారు. అదే మడి, అదే నీరు, అదే ఎరువు. దేశమంతటికీ ఒక చెక్, ప్రాంతానికి ఒక చెక్, ఆ ఊరి రైతులు రోజూ వేసుకునేది ఒక చెక్. ఒక్కచోట గెలిస్తే చాలదు, వేరే నేలల్లో వేరే జిల్లాల్లో నిలవాలి. ఒక వానకాలం బాగా పండితే చాలదు, మళ్లీ మళ్లీ పండాలి. తర్వాత చిరుసంచుల్లో రైతుల పొలాలకు పోతుంది, అక్కడ శాస్త్రవేత్త కన్ను ఉండదు, రైతు తన తీరులో తను నాటుతాడు. ఉల్లికోడు వస్తే తట్టుకుందా, దోమపోటుకు పడిపోయిందా, గాలివానకు ఒరిగిందా, మిల్లులో నూక ఎంత పోయింది, అన్నం పొడిపొడిగా ఉందా అని ఒక్కొక్కటీ విడిగా రాస్తారు. ఎకరానికి ఇన్ని క్వింటాళ్లు అన్న అంకె ఆ పట్టికలో ఒక గడి మాత్రమే.

సాంబ మసూరి, మన రైతుల నోట బీపీటీ, 1986లో బాపట్లలో విడుదలైంది. దిగుబడిలో దాన్ని మించిన రకాలు ఎన్నో వచ్చాయి. గంజి వార్చి కంచంలో పెట్టినప్పుడు మించినవి చాలా తక్కువ. సాంబ మసూరినీ వరంగల్ కావ్యనూ కలిపి పొలాసలో తీసిన జగిత్యాల సన్నాలు రైతులకు ఎందుకు నచ్చాయి? బియ్యం తల్లి పోలికనే సన్నగా ఉంది, ఉల్లికోడును తట్టుకునే శక్తి మాత్రం తల్లికి లేనిది. తల్లి ఓడిన చీడ దగ్గర నిలబడింది కాబట్టే దాన్ని కొత్త రకం అన్నారు. యంత్రమా, నిరుటి నువ్వు ఓడిపోయే చోట ఈ ఏటి నువ్వు నిలబడ్డావా? నిరుటి నువ్వు గెలిచే చోటనే ఇంకొంచెం వేగంగా గెలుస్తున్నావా? నీ 46లో ఈ రెంటికీ వేర్వేరు గడులు లేవు.

ఇతర యంత్రాలతో నువ్వు ఆడవని అనను. యంత్రాల మధ్య జరిగే టీసీఈసీ పోటీల్లో లీలా అనే యంత్రంతో నీ పోరు వదలకుండా చూసినవాణ్ని. అక్కడ నీకు చెమట పట్టిన రోజులూ చూశాను. ఏటేటా చాటింపు వేసే అంకె మాత్రం పాత నీమీద కొలిచినదే, ఆ అంకే మా దాకా వస్తోంది.

వచ్చి ఏం చేస్తోందో చెబుతాను. మా ప్రాంతంలోనే ఒక కోచింగ్ సెంటర్ గోడ మీద పిల్లల ఫొటోల పక్కన గీతలు అంటించి ఉన్నాయి. అన్ని గీతలూ పైకే. ప్రతి పిల్లాడూ నెలనెలా ఒకే ఫోను బాట్‌తో ఆడతాడు, దాని మీద వచ్చిన అంకె గోడకెక్కుతుంది. ఫీజు కట్టే తండ్రి, గల్ఫ్‌లో పనిచేసి నెలనెలా పంపే తండ్రి, ఆ గీత ఫొటో వాట్సాప్‌లో చూసుకుని సంతోషిస్తాడు. ఆ సంతోషాన్ని తప్పుబట్టే హక్కు నాకు లేదు.

నీ చిన్న లెవెళ్లు ఎట్లా తయారవుతాయో ఆ తండ్రికి ఎవరూ చెప్పలేదు. స్టాక్‌ఫిష్‌లో నైపుణ్యం మెట్లు 0 నుంచి 20 దాకా ఉంటాయి. కింది మెట్టు మీద నువ్వు పిల్లాడిలా ఆలోచించవు. మంచి ఎత్తులన్నీ నీకు తెలిసే ఉంటాయి, లెక్క ప్రకారం అప్పుడప్పుడు ఒక చెడ్డ ఎత్తును ఎంచుకుంటావు. పది ఎత్తులు ఉస్తాదులా ఆడి పదకొండో ఎత్తుకు మంత్రిని ఊరికే అప్పజెబుతావు. నిజంగా ఆడే పదేళ్ల పిల్లాడు అట్లా ఓడడు. వాడు భయపడి ఓడతాడు, తొందరపడి ఓడతాడు, తన ఎత్తు మీద మోజుతో ఎదుటివాడి ఎత్తు చూడక ఓడతాడు. నీతో ఆడిన పిల్లలు నీ దానం కోసం కాచుకుని కూర్చోవడం నేర్చుకున్నారు. అంత ఉదారంగా ఓడేవాడు బయట దొరకడు.

మా ఆదివారం పిల్లల్లో ఒకడు, వేసవంతా నీతో ఆడినవాడు, జగిత్యాలలో జరిగిన ఒక రోజు టోర్నీకి వచ్చాడు. వాడి ఎదుట కూర్చున్నది సిరిసిల్ల నుంచి వచ్చిన ఒక పెద్దాయన. చాలా ఏళ్లు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపినవాడు, ఆ చప్పుడులో చెవులు మందగించాయి. గడియారం నొక్కారా లేదా అని చేత్తో తడిమి చూసుకుంటున్నాడు. తెల్లపావులు ఆయనవి. మొదటి ఎత్తు ఎడమ అంచు బంటు రెండు గళ్లు. రెండో ఎత్తు కుడి అంచు బంటు రెండు గళ్లు. పుస్తకంలో ఉండవవి. పిల్లాడు నా వైపు చూశాడు, మళ్లీ బోర్డు చూశాడు. ఫోనులో ఎవరూ అట్లా మొదలుపెట్టలేదు. మధ్య గళ్లు ఊరికే దొరికాయని బంట్లన్నీ ముందుకు తోశాడు. పెద్దాయన ఏమీ అప్పజెప్పలేదు. ఏ ఎత్తూ గొప్పది కాదు, ఏ ఎత్తూ ఘోరమైనది కాదు. దానం ఎప్పుడొస్తుందా అని పిల్లాడు కాచుకున్నాడు. అది రాలేదు. ముందుకు పోయిన బంట్లు ఒక్కొక్కటే పోయాయి.

ఆట అయ్యాక పిల్లాడు, “తాతా, గట్ల ఆడద్దు గద, ఫోనుల గిట్ల ఎవ్వరు ఆడరు” అన్నాడు. పెద్దాయన చెవి దగ్గరికి చెయ్యి పెట్టుకుని విని, “ఫోను ఏం ఆడుతదో నాకు తెల్వది బిడ్డా. మా సాంచాల కాడ నైటు పని చేసేటోళ్లందరితోని ఆడిన. ఒక్కొక్కడు ఒక్కొక్క తీరు” అన్నాడు. వాడి పావులు తనే సర్దిపెట్టి, ఇంకో ఆట ఆడదామా అని అడిగాడు. ఆడారు. రెండోదీ పిల్లాడు ఓడాడు, ఈసారి కొంచెం ఆలస్యంగా.

వాడి గీత ఎంత పైకి పోయిందో నాకు తెలుసు. ఆ గీత అబద్ధం కాదు. నీమీద వాడు నిజంగానే మెరుగయ్యాడు. నీకు తగిన శిష్యుడే.

మన వరంగల్ బిడ్డ అర్జున్ ఎరిగైసిని చూడు. 2024 డిసెంబరు ఫిడే జాబితాలో 2801. విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడు. ఆ ఎత్తుకు చేరినవాళ్లు సాధారణంగా తమ స్థాయి వాళ్లతోనే ఆడే టోర్నీలు ఎంచుకుంటారు, అంకె కాపాడుకోవడానికి. అర్జున్ ఓపెన్ టోర్నీల్లో, లీగుల్లో, తనకన్నా ఎంతో తక్కువ రేటింగ్ ఉన్నవాళ్లతో ఆడుతూ అక్కడికి చేరాడు. అక్కడ డ్రా అయినా పాయింట్లు పోతాయి. ఎదుటివాడు ఎవడో, ఏం ఆడతాడో ముందు రోజు రాత్రి దాకా తెలియదు. 2801 చూసినప్పుడు నాకు ఆ అపరిచితుల వరుస కనిపిస్తుంది. నీ అంకె చూసినప్పుడు నీ ముఖమే కనిపిస్తుంది.

నీకు నా విన్నపం ఇది. కొత్త రూపంలో వచ్చినప్పుడు పాత నీమీద ఎంత గెలిచావో తప్పక చెప్పు, ఆ శ్రమ వృథా కాకూడదు. దాని పక్కన పాత రూపాలన్నిటి మీదా ఒక్కొక్కటిగా చెప్పు, నిరుటిది ఒక్కటే కాదు. మామూలు ఆరంభాల నుంచి ఎన్ని గెలిచావో చెప్పు. నీ ఇంట్లో పుట్టని యంత్రాల మీద చెప్పు. నీ కింది లెవెళ్లు మనుషుల్లా ఓడటం నేర్చుకునే దాకా, వాటి పక్కన రేటింగ్ అంకె రాయకు. మా పిల్లలు దాన్ని నమ్ముతున్నారు. ఇంకో వరుస కూడా కావాలి: ఎవరెవరి చేతిలో ఎట్లా ఓడావు. వచ్చే ఏటి చాటింపు మా కోరుట్ల దాకా వచ్చినప్పుడు నేను మొదట ఆ వరుసే చదువుతాను. అది ఖాళీగా ఉంటే, ఎవరితో ఆడావని అడుగుతాను.